లిథియం కొనే ముందు బోటు ఎన్ని ఆంపియర్లు లాగుతుందో కొలవండి

ప్రశ్న: నాకు 18 అడుగుల చేపల బోటు ఉంది. ముందు భాగంలో 24 వోల్టుల, 80 పౌండ్ల థ్రస్ట్ (తోపు) ట్రోలింగ్ మోటారు (చేపలు పట్టేటప్పుడు బోటును నెమ్మదిగా కదిపే కరెంటు మోటారు), దానికి 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్) లెడ్ యాసిడ్ డీప్ సైకిల్ (గంటల తరబడి వాడుకునే రకం) బ్యాటరీలు రెండు ఉన్నాయి. ఔట్‌బోర్డ్ ఇంజను స్టార్ట్ చేయడానికి వెనక ఇంకో బ్యాటరీ ఉంది. చేపల జాడ చూపే రెండు ఫిష్ ఫైండర్ స్క్రీన్లు, నీటి కింద కదలికను అప్పటికప్పుడు చూపే లైవ్ సోనార్, పంపులు అన్నీ ఆ స్టార్టింగ్ బ్యాటరీ మీదే నడుస్తున్నాయి. మధ్యాహ్నం దాటేసరికి ట్రోలింగ్ మోటారు నీరసపడుతోంది. ఇంజను స్టార్ట్ చేసిన ప్రతిసారీ స్క్రీన్లు ఆరిపోయి మళ్లీ వెలుగుతున్నాయి. లిథియంకి మారదామనుకుంటున్నాను. ఒకరు 12 వోల్టులవి 100 ఏహెచ్ రెండు కొనమన్నారు. ఇంకొకరు 24 వోల్టులది 60 ఏహెచ్ ఒక్కటి చాలన్నారు. ఎవరి మాట వినాలి? పాత చార్జర్ పనికొస్తుందా? ఇంజను బ్యాటరీని కూడా లిథియం చేసేయవచ్చా? నీళ్ల మధ్యలో బ్యాటరీ అంటుకుంటే ఎలా అని ఇంట్లో వాళ్లకు టెన్షన్‌గా ఉంది.

సమాధానం: ఇంట్లో వాళ్ల భయం దగ్గరే మొదలుపెడతాను. లిథియం బ్యాటరీలన్నీ ఒకటి కావు. ఫోన్లలో, చాలా ఎలక్ట్రిక్ వాహనాల్లో ఉండే నికెల్, కోబాల్ట్ రకాలు వేరు. బోటు కోసం మీరు చూడాల్సింది లిథియం ఐరన్ ఫాస్ఫేట్, అంటే ఎల్ఎఫ్‌పీ రకం. 1990ల రెండో సగంలో టెక్సస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడెనఫ్ బృందం బయటపెట్టిన పదార్థం ఇది. లిథియం అయాన్ బ్యాటరీల మీద చేసిన కృషికి ఆయన 2019లో రసాయనశాస్త్ర నోబెల్‌ను మరో ఇద్దరితో పంచుకున్నారు. ఈ పదార్థంలో ఆక్సిజన్ ఫాస్ఫరస్‌తో గట్టిగా ముడిపడి ఉంటుంది. అందుకే వేడెక్కినా సులభంగా బయటికి రాదు, మంటకు ఊతమివ్వదు. అలాగని దీనికి ప్రమాదమే లేదని చెప్పను. సెల్‌ను నలగ్గొట్టినా, అదేపనిగా ఎక్కువ చార్జ్ చేసినా మండే వాయువు బయటికి వస్తుంది. కానీ ఇప్పుడు మీ బోటులో ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీలు కూడా చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతూనే ఉన్నాయి. అమర్చడం, తీగలు, ఫ్యూజులు సరిగ్గా ఉంటే ఎల్ఎఫ్‌పీని బోటులో పెట్టుకోవడానికి భయపడక్కర్లేదని ఇంట్లో చెప్పండి. ఆ మూడింటి గురించి కింద రాస్తాను.

కొనేటప్పుడు రసాయనం పేరు కనిపించకపోతే లేబుల్ మీద రాసే నామినల్ (సగటు) వోల్టేజి చూడండి. ఎల్ఎఫ్‌పీ సెల్ 3.2 వోల్టులది. నాలుగు కలిస్తే 12.8, ఎనిమిది కలిస్తే 25.6. లేబుల్ మీద 11.1 అనో 14.8 అనో ఉంటే అది వేరే రకం. మీ పనికి దాన్ని పక్కన పెట్టేయండి.

ఇక అసలు విషయం. మీకున్నది ఒక సమస్య కాదు, రెండు. మోటారు నీరసపడటం ఒకటి. స్క్రీన్లు ఆరిపోవడం ఇంకొకటి. రెండోదానికి ట్రోలింగ్ బ్యాటరీలతో సంబంధమే లేదు. 24 వోల్టుల వైపు ఎంత మంచి లిథియం పెట్టినా మీ స్క్రీన్లు రేపు కూడా అలాగే ఆరిపోతాయి. బోటులో బ్యాటరీ చేసే పనులు మూడు. ఇంజను స్టార్ట్ చేయడం, ట్రోలింగ్ మోటారు తిప్పడం, ఎలక్ట్రానిక్స్ నడపడం. మొదటిది కొన్ని సెకన్ల పాటు వందల ఆంపియర్లు అడుగుతుంది. రెండోది గంటల తరబడి ఎక్కువ తక్కువలుగా లాగుతుంది. మూడోది రోజంతా కొద్దికొద్దిగా తీసుకుంటుంది, కానీ వోల్టేజి కాస్త తగ్గినా ఓర్చుకోదు. ఈ మూడూ మూడు వేర్వేరు బ్యాటరీల మీద ఉండాలి. దీని మీద మాత్రం నేను రాజీపడను.

ముందు ట్రోలింగ్ మోటారు సంగతి. 24 వోల్టుల, 80 పౌండ్ల మోటారు పూర్తి వేగంలో సుమారు 56 ఆంపియర్లు లాగుతుంది. ఆ లెక్కన 100 ఏహెచ్ బ్యాటరీ గంటా నలభై అయిదు నిమిషాల్లో ఖాళీ. కానీ రోజంతా పూర్తి వేగంలో ఎవరూ నడపరు. ప్రొపెల్లర్ వేగం సగానికి తగ్గిస్తే అది తీసుకునే పవర్ సుమారు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అందుకే ఒకే మోటారు ఒకరికి సాయంత్రం దాకా వస్తుంది, ఎదురుగాలిలో ఒకేచోట నిలబడాలని చూసేవాళ్లకు పదకొండు గంటలకే చేతులెత్తేస్తుంది. గాలి తక్కువగా ఉండి నెమ్మదిగా కదిలే రోజున సగటున 8 నుంచి 10 ఆంపియర్లు, స్పాట్ లాక్ (జీపీఎస్‌తో బోటును ఒకేచోట నిలిపే ఏర్పాటు) మీద గాలితో పోరాడే రోజున 15 లేదా ఇంకా ఎక్కువ అనుకుని లెక్క మొదలుపెట్టవచ్చు. ఎనిమిది గంటలకు సగటు 10 అయితే 80 ఏహెచ్, 15 అయితే 120.

ఇవి నా అంచనాలు. మీ బోటు లెక్క మీ బోటే చెప్పాలి. పాత బ్యాటరీలతోనే ఒక షంట్ మానిటర్ (బ్యాటరీ తీగలో బిగించే కరెంటు మీటర్) బిగించి, మామూలు రోజు ఒకటి, గాలి రోజు ఒకటి చూడండి. వెళ్లిన ప్రతి ఆంపియర్‌నూ అది లెక్కపెడుతుంది. ఎలాగూ లిథియం వచ్చాక ఆ షంట్ మీకు తప్పనిసరిగా కావాలి కాబట్టి డబ్బు వృథా కాదు. క్లాంప్ మీటర్‌తో చూద్దామనుకుంటే అది డీసీ కరెంటు కొలిచేదేనా అని చూసుకోండి. చవకైన వాటిలో చాలావరకు ఏసీ మాత్రమే కొలుస్తాయి.

100 ఏహెచ్ లెడ్ యాసిడ్ ఉన్నా మధ్యాహ్నానికే ఎందుకు అయిపోతోందని మీకు అనిపించి ఉంటుంది. ఆ 100 అనే అంకె సాధారణంగా 20 గంటల పాటు 5 ఆంపియర్ల చొప్పున తీస్తే వచ్చేది. ఎక్కువ కరెంటు లాగేకొద్దీ లెడ్ యాసిడ్ ఇచ్చే మొత్తం తగ్గిపోతుంది. పైగా సగానికి మించి ఖాళీ చేస్తే దాని ఆయుష్షు తగ్గుతుంది. కాబట్టి మీరు నిజంగా వాడుకోగలిగింది 50 ఏహెచ్‌కి అటూఇటూ. ఎల్ఎఫ్‌పీలో ఈ తరుగుదల చాలా తక్కువ. 100 అంటే 80, 90 దాకా నిశ్చింతగా వాడుకోవచ్చు. దాదాపు చివరి వరకూ వోల్టేజి 13 చుట్టుపక్కలే నిలబడుతుంది కాబట్టి మధ్యాహ్నం నీరసం ఉండదు. పొద్దున ఉన్న తోపే సాయంత్రమూ ఉంటుంది. లెడ్ యాసిడ్ కొన్ని వందల సార్లు చార్జింగ్‌కు వస్తే, మంచి ఎల్ఎఫ్‌పీ రెండు మూడు వేల సార్లకు పైగా వస్తుంది. ఖరీదు ఎక్కువైనా నేను దీన్ని సమర్థించేది అందుకే.

ఇప్పుడు 60 ఏహెచ్ సలహా చూద్దాం. అందులో నాకు భయం కలిగించేది ఏహెచ్ కాదు, బీఎంఎస్ (బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్). లిథియం బ్యాటరీ లోపల ఉండే ఆ కాపలా సర్క్యూట్ సెల్స్‌ను ఎక్కువ చార్జ్ నుంచి, మరీ ఖాళీ అవడం నుంచి, షార్ట్ నుంచి, వేడి నుంచి కాపాడుతుంది. హద్దు దాటితే కరెంటు కట్ చేసేస్తుంది. బ్యాటరీని నీళ్ల డ్రమ్ము అనుకుంటే బీఎంఎస్ దానికి బిగించిన కుళాయి. డ్రమ్ము నిండా నీళ్లున్నా కుళాయి సన్నదైతే ధార సన్నగానే వస్తుంది. 50, 60 ఏహెచ్ బ్యాటరీల్లో చాలావాటి బీఎంఎస్ 50 లేదా 60 ఆంపియర్ల వరకే నిరంతరంగా ఇస్తుంది. మీ మోటారు ఒక్కటే 56 లాగుతుంది. ప్రొపెల్లర్‌కు నాచు చుట్టుకున్నప్పుడో, గాలి మిమ్మల్ని రాళ్ల మీదికి నెడుతున్నప్పుడో మీరు పూర్తి వేగం పెడతారు. బ్యాటరీ ఆగిపోయేదీ సరిగ్గా అప్పుడే. మీ మోటారుకు కంటిన్యువస్ డిశ్చార్జ్ (ఆగకుండా ఇవ్వగల కరెంటు) 100 ఆంపియర్లున్న బ్యాటరీ తీసుకోండి. పీక్ అని పెద్ద అంకె రాసి ఉంటుంది, దాన్ని నమ్ముకోవద్దు. అది కొన్ని సెకన్ల మాట. కంటిన్యువస్ ఎంతో స్పష్టంగా రాయని బ్యాటరీని నేనైతే కొనను.

12 వోల్టులవి రెండా, 24 వోల్టులది ఒకటా? రెండూ పనిచేస్తాయి. 24 వోల్టుల ఒక్క బ్యాటరీలో కనెక్షన్లు తక్కువ, ఎనిమిది సెల్స్‌ను ఒకే బీఎంఎస్ సమం చేస్తుంది. కొత్త బోటు కట్టుకునేవారికి నేను అదే చెబుతాను. మీ విషయంలో మాత్రం 100 ఏహెచ్ రెండు వైపే మొగ్గుతాను. పాత పెట్టెల స్థలం, రెండింటినీ వరుసగా కలిపి 24 వోల్టులు చేసే సిరీస్ తీగ అలాగే పనికొస్తాయి. ఒక్కొక్కటి 11, 12 కిలోలే కాబట్టి ఎత్తి దించడం తేలిక. ఎలక్ట్రానిక్స్‌కు కూడా అదే మోడల్ తీసుకుంటే, మోటారు బ్యాటరీల్లో ఒకటి చెడిపోయిన రోజున ఎలక్ట్రానిక్స్ బ్యాటరీని అక్కడ పెట్టి ఒడ్డుకు చేరవచ్చు. అది ఆ పూటకే, రోజూ వాడే పద్ధతి కాదు.

రెండు కలిపేటప్పుడు కొన్ని జాగ్రత్తలు తప్పవు. సిరీస్‌లో కలపవచ్చని తయారీదారు రాసి ఉండాలి, అన్ని బ్యాటరీలకూ ఆ అనుమతి ఉండదు. రెండూ ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకేసారి కొన్నవి కావాలి. కలిపే ముందు ఒక్కోదాన్ని విడిగా పూర్తిగా చార్జ్ చేయండి. లిథియం ఒకటి, పాత లెడ్ యాసిడ్ ఒకటి కలిపి నెట్టుకురావాలని అసలు ప్రయత్నించకండి. ఆ రెండింట్లో ఒకదాని నుంచి 12 వోల్టులు తీసి ఫిష్ ఫైండర్‌కు ఇవ్వడం చాలా బోట్లలో కనిపిస్తుంది. అలా చేస్తే ఒక బ్యాటరీ ముందే ఖాళీ అయి, దాని బీఎంఎస్ కట్ చేయగానే మోటారు మొత్తం ఆగిపోతుంది.

మోటారు గురించి ఇంకొక్క మాట. లిథియం వోల్టేజి కాస్త ఎక్కువ, పైగా తగ్గదు. దాంతో మోటారుకు ఎప్పుడూ పూర్తి పవర్ అందుతుంది. కొన్ని ట్రోలింగ్ మోటార్ల మాన్యువల్లో, లిథియం మీద 85 శాతం వేగం దాటి ఎక్కువసేపు నడిపితే మోటారు శాశ్వతంగా పాడవుతుందని హెచ్చరిక ఉంటుంది. లెడ్ యాసిడ్ అయితే తనంతట తానే నీరసించి మోటారుకు విశ్రాంతి ఇచ్చేది. ఇప్పుడు ఆ పని మీ చేయి చేయాలి. మీ మాన్యువల్ తీసి చూడండి. మోటారు మీద ఉండే బ్యాటరీ లైట్లను కూడా నమ్మకండి. అవి వోల్టేజి చూసి చెప్పేవి. ఎల్ఎఫ్‌పీలో 90 శాతం దగ్గరా, 30 శాతం దగ్గరా వోల్టేజి తేడా చాలా కొద్ది. లైట్లన్నీ వెలుగుతుండగానే మోటారు ఆగిపోతుంది. షంట్ తప్పదని పైన రాసింది ఇందుకే. బ్యాటరీలోనే బ్లూటూత్ ఉన్నా పర్వాలేదు, అయితే చిన్న కరెంట్లను అవి షంట్ అంత కచ్చితంగా లెక్కపెట్టలేవు.

ఎలక్ట్రానిక్స్‌కు వద్దాం. ఇంజను తిప్పే ఆ రెండు సెకన్లలో స్టార్టింగ్ బ్యాటరీ వోల్టేజి 10 దగ్గరికి, ఒక్కోసారి ఇంకా కిందికి పడుతుంది. చాలా ఫిష్ ఫైండర్లకు కనీసం 10 నుంచి 11 వోల్టులు కావాలి. మీ స్క్రీన్లు ఆరిపోవడానికి కారణం అదే. పైగా తీగ సన్నదైతే దారిలోనే ఇంకొంత పోతుంది. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ మీద బ్యాటరీ నుంచి 6 మీటర్ల దూరంలో 6 ఆంపియర్లు వాడితే, రానూపోనూ 12 మీటర్లకు సుమారు 0.9 వోల్టు తగ్గుతుంది. 6 చదరపు మిల్లీమీటర్ల తీగ అయితే 0.2 మాత్రమే. స్క్రీన్లకు పాత ఫ్యూజ్ ప్యానెల్ నుంచి కాకుండా కొత్త బ్యాటరీ నుంచి నేరుగా, లావు తీగతో, సొంత ఫ్యూజుతో లైను వేయండి. ట్రోలింగ్ మోటారు తీగల పక్కనే కట్టకుండా, సోనార్ తీగలను వీలైనంత దూరంగా తీసుకెళ్లండి. మోటారు స్పీడ్ కంట్రోల్ నుంచి వచ్చే ఎలక్ట్రికల్ నాయిస్ సోనార్ తెరమీద గీతలుగా కనిపిస్తుంది.

మీ రెండు స్క్రీన్లు, లైవ్ సోనార్ కలిపి 6 ఆంపియర్ల చుట్టూ తీసుకుంటాయనుకుందాం. ఎనిమిది గంటలకు 48 ఏహెచ్. 50 ఏహెచ్ బ్యాటరీ కాగితం మీద సరిపోతుంది, నీళ్ల మీద సరిపోదు. ఎండలో స్క్రీన్ బ్రైట్‌నెస్ పెంచగానే వాడకం పెరుగుతుంది. 80 లేదా 100 ఏహెచ్ తీసుకోండి. కొందరు ఎలక్ట్రానిక్స్ కోసం 16 వోల్టుల లిథియం అమ్ముతారు. పూర్తి చార్జ్‌లో అది 18 వోల్టులు దాటగలదు. మీ ప్రతి పరికరం ఎంత గరిష్ఠ వోల్టేజి తట్టుకుంటుందో లేబుల్ మీద చదవకుండా దాని జోలికి వెళ్లకండి. 12.8 వోల్టులది, సరైన తీగలు ఉంటే మీకు ఇంకేమీ అక్కర్లేదు.

ఇంజను బ్యాటరీని లిథియం చేయవచ్చా అన్నారు. వద్దు. స్టార్ట్ చేయడానికి కావాల్సిన కరెంటును మామూలు డీప్ సైకిల్ లిథియం బీఎంఎస్ ఇవ్వలేదు. ఇవ్వగలిగినవి ఉన్నా, ఇంజను తయారీదారు ఒప్పుకోవాలి. అసలు ప్రమాదం ఆల్టర్నేటర్‌కు, అంటే ఇంజను తిరిగేటప్పుడు కరెంటు పుట్టించే భాగానికి. చార్జ్ అవుతుండగా బీఎంఎస్ అకస్మాత్తుగా కట్ చేస్తే ఆల్టర్నేటర్ కరెంటుకు వెళ్లే చోటు ఉండదు, వోల్టేజి ఒక్కసారిగా ఎగురుతుంది. ఆల్టర్నేటర్ డయోడ్లు, ఇంజను కంప్యూటర్, స్క్రీన్లు ఏదైనా పోవచ్చు. స్టార్టింగ్ బ్యాటరీ మామూలు లెడ్ యాసిడ్ లేదా ఏజీఎం (సీలు వేసిన లెడ్ యాసిడ్ రకం) గానే ఉంచండి. బోటు అడుగు నీటిని తోడే బిల్జ్ పంపు, చేపల ట్యాంకు పంపు కూడా దాని మీదే ఉండనివ్వండి.

ఇంజను నడుస్తున్నప్పుడు లిథియం చార్జ్ కావాలంటే మధ్యలో డీసీ టు డీసీ చార్జర్ పెట్టాలి. నేరుగా తీగ కలిపితే లిథియం ఆల్టర్నేటర్ దగ్గర ఉన్న కరెంటంతా లాక్కుని దాన్ని మాడ్చగలదు. ఈ చార్జర్ కరెంటుకు హద్దు పెడుతుంది, లిథియంకు సరైన వోల్టేజి ఇస్తుంది. ఔట్‌బోర్డ్ ఆల్టర్నేటర్లు చిన్నవి కాబట్టి ఈ చార్జర్ సామర్థ్యాన్ని ఆల్టర్నేటర్ సామర్థ్యంలో సగానికి మించకుండా ఎంచుకోండి.

ఒడ్డున వాడే పాత చార్జర్‌కు లిథియం సెట్టింగ్ ఉందేమో చూడండి. 12.8 వోల్టుల ఎల్ఎఫ్‌పీకి 14.2 నుంచి 14.6 వోల్టులు కావాలి. లెడ్ యాసిడ్ చార్జర్లలో ఉండే ఈక్వలైజ్, డీసల్ఫేషన్ దశలు 15 వోల్టులు దాటుతాయి, అవి పనికిరావు. సెట్టింగ్ లేకపోతే కొత్తది కొనండి. మూడు లిథియం బ్యాటరీలకు (మోటారుకు రెండు, ఎలక్ట్రానిక్స్‌కు ఒకటి) మూడు వేర్వేరు అవుట్‌పుట్లున్న బోటు చార్జర్ అయితే సిరీస్‌లో ఉన్న రెండూ ప్రతి రాత్రీ విడివిడిగా నిండుతాయి, వాటి మధ్య తేడా పేరుకోదు. 100 ఏహెచ్‌కు 10 ఆంపియర్ల చార్జర్ రాత్రంతా తీసుకుంటుంది. పొద్దున్నే మళ్లీ వెళ్లేవారికి 15 లేదా 20 మంచిది. చలి ప్రాంతమైతే ఇంకో హద్దు ఉంది. సున్నా డిగ్రీల సెల్సియస్ కింద ఎల్ఎఫ్‌పీని చార్జ్ చేయకూడదు, లోపల లిథియం లోహంగా పేరుకుని సెల్ పాడవుతుంది. వాడుకోవచ్చు, చార్జ్ మాత్రం కాదు. బీఎంఎస్‌కు చలిలో చార్జింగ్ ఆపే ఏర్పాటు ఉండాలి.

ఫ్యూజుల విషయంలో ఎవరు తొందరపెట్టినా వినకండి. లిథియం షార్ట్ అయితే ఒక్క క్షణంలో వేల ఆంపియర్లు వస్తాయి. మామూలు ఫ్యూజు తెగినా మధ్యలో మెరుపు కొనసాగవచ్చు. ప్రతి బ్యాటరీ పాజిటివ్ దగ్గర, వీలైనంత పక్కనే, క్లాస్ టీ లాంటి, పెద్ద షార్ట్ కరెంటును తెంచగల ఫ్యూజు పెట్టండి. ట్రోలింగ్ మోటారు లైనులో ఆ పైన 60 ఆంపియర్ల మెరైన్ బ్రేకర్ ఉండాలి. తీగ 16 చదరపు మిల్లీమీటర్లకు తక్కువ కాకూడదు, దూరం ఎక్కువైతే ఇంకా లావు. బోటు పరిశ్రమ ప్రమాణాలు రాసే అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ 2022లో లిథియం కోసమే ఈ-13 అనే ప్రమాణం తెచ్చింది. పని చేసే ఎలక్ట్రీషియన్‌కు అది తెలుసేమో అడగండి. మీ బోటుకు బీమా ఉంటే, మార్చే ముందు వాళ్లకు రాతపూర్వకంగా తెలియజేయండి.

బ్యాటరీని గట్టి ట్రేలో, స్ట్రాప్ బిగించి కూర్చోబెట్టండి. అలల మీద ఎగిరిపడే బోటులో టెర్మినల్ బోల్టులు వదులవుతాయి, వదులైన చోట వేడి పుడుతుంది. మొదటి కొన్ని ట్రిప్పుల తర్వాత బిగింపు మళ్లీ చూడండి. ఉప్పునీళ్లయితే ఐపీ67 (దుమ్ము, నీరు లోపలికి పోని స్థాయి) ఉన్నవే తీసుకోండి. పాత బ్యాటరీలు ముందు భాగంలో ఉంటే అక్కడ 35 కిలోల దాకా బరువు తగ్గుతుంది. బోటు ముక్కు పైకి లేచినట్టు అనిపిస్తే ఇంజను ట్రిమ్ (వంపు కోణం) సరిచేసుకోవాలి. నెలల తరబడి వాడకపోతే సగం చార్జ్‌లో, అన్ని తీగలూ తీసేసి, ఎండ తగలని చోట ఉంచండి.

మూడు లిథియం బ్యాటరీలూ ఒకేసారి కొనడం కుదరకపోతే, ఎలక్ట్రానిక్స్ బ్యాటరీ, దాని తీగలు ముందు. చాలామంది ట్రోలింగ్ మోటారుతో మొదలుపెడతారు. కానీ ఇప్పుడు మీ స్క్రీన్లు రోజంతా తాగుతున్నది ఇంజను స్టార్ట్ చేయాల్సిన బ్యాటరీని. మోటారు నీరసపడితే ఇంజనుతో ఒడ్డుకు వస్తారు, ఇంజనే స్టార్ట్ కాకపోతే ఎలా వస్తారు? ఈలోగా షంట్‌ను ట్రోలింగ్ లైను మీద ఉంచి అంకెలు రాసుకోండి. గాలి రోజున కూడా 80 ఏహెచ్ దాటకపోతే 100 ఏహెచ్ రెండు కొనండి. దాటితే 120 లేదా 150 ఏహెచ్‌వి చూడండి. ట్రోలింగ్ మోటారు బ్యాటరీలు రెండింటినీ మాత్రం ఒకటి ఇప్పుడు, ఒకటి వచ్చే ఏడాది అని విడగొట్టకుండా, డబ్బు సమకూరే దాకా ఆగి ఒకేసారి కొనండి.